ఊరూ పేరూ లేని అంకెలు: విద్యుద్రసాయన శాస్త్రంలో కొలతల నమోదు

మెట్రిక్ పద్ధతి రాకముందు తెలుగునాట బెల్లం వీశెలతోను, పత్తి మణుగులతోను తూచేవారు. మద్రాసు మణుగు అంటే 8 వీశెలు. నేటి లెక్కలో 11 కిలోలకు కొంచెం పైన. బెంగాలు మణుగు 37 కిలోల పైచిలుకు. కలకత్తా వర్తకుడు పది మణుగులు పంపమని కాకినాడకు జాబు వ్రాస్తే, కాకినాడ వర్తకుడు తన మణుగుతో తూచి పంపితే, తేడా మూడు రెట్లకు పైమాటే. ఇద్దరిలో ఎవ్వరూ అబద్ధమాడలేదు. ఇద్దరి కాటాలూ సరిగానే ఉన్నవి. అంకె మాత్రం ప్రయాణం చేసింది. దాని ఊరు వెనుక నిలిచిపోయింది.

ఈ చిక్కు నేటి ప్రవాస కుటుంబాలకు మరొక రూపంలో పరిచయమే. చక్కెర వ్యాధి గల తల్లిగారికి హైదరాబాదులో రక్తపరీక్ష చేస్తే 126 అని వస్తుంది. అదే రక్తం లండనులోనో, కౌలాలంపూర్‌లోనో పరీక్షిస్తే 7 అని వస్తుంది. మొదటిది డెసిలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే అంకె. రెండవది లీటరుకు ఎన్ని మిల్లీమోల్‌లో చెప్పే అంకె. 18తో గుణిస్తే ఒకటి రెండవది అవుతుంది. ప్రమాణం వ్రాయకుండా అంకె మాత్రమే టెలిఫోనులో చెప్పుకుంటే అనవసరమైన భయమో, అంతకన్న ప్రమాదకరమైన ధైర్యమో కలుగుతుంది.

వ్రేలు గుచ్చి చూసుకొనే ఆ చిన్న పరికరం పనిచేసేది విద్యుద్రసాయన సూత్రం మీదనే. రక్తంలోని గ్లూకోజు ఒక ఎంజైము సహాయంతో ఆక్సీకరణం చెందుతుంది. అప్పుడు విడుదలైన ఎలక్ట్రానులు విద్యుత్ప్రవాహంగా మారి అంకెగా కనిపిస్తాయి. 1800లో ఓల్టా తన లోహపు బిళ్ళల దొంతరను లోకానికి తెలిపిన నాటినుండి, మోటారుకారు బ్యాటరీ, సెల్‌ఫోనులోని లిథియం ఘటం, అల్యూమినియం పరిశ్రమ, క్లోరిన్ తయారీ అన్నీ ఈ శాస్త్రం నీడలోనే పెరిగాయి. ఇంత వయస్సు గల శాస్త్రంలో మణుగుల తగాదా ఎప్పుడో తీరి ఉంటుందని పాఠకులు అనుకోవచ్చు. తీరలేదు. దానికి కారణం కొంత ప్రకృతిలోనే ఉన్నది, కొంత మనుష్యుల అలవాట్లలో ఉన్నది.

ప్రకృతిలో ఉన్న కారణం ఇది. ఒక ఎలక్ట్రోడు పొటెన్షియల్‌ను ఒంటరిగా కొలవడం సాధ్యం కాదు. రెండు ఎలక్ట్రోడుల మధ్య తేడాను మాత్రమే కొలవగలం. తిరుమల కొండ ఎత్తు తిరుపతి వీధి నుండి కొలిస్తే ఒక అంకె, సముద్రమట్టం నుండి కొలిస్తే మరొక అంకె వచ్చినట్లే ఇదీను. అందుచేత శాస్త్రజ్ఞులు ప్రమాణ హైడ్రోజన్ ఎలక్ట్రోడును సున్న అని నిర్ణయించుకున్నారు. అయితే హైడ్రోజన్ వాయువును ప్లాటినం మీదుగా బుడగలు పోయిస్తూ ప్రతి ప్రయోగశాలలోను కూర్చోవడం కష్టం. ఆ కారణంగా పాదరసంతో చేసే కాలొమెల్ ఎలక్ట్రోడు, వెండితో చేసే సిల్వర్ క్లోరైడు ఎలక్ట్రోడు వాడుకలోనికి వచ్చాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సంతృప్త కాలొమెల్ సున్నకు 0.241 ఓల్టులు పైన ఉంటుంది. సంతృప్త ద్రావణంలోని సిల్వర్ క్లోరైడు 0.197 ఓల్టులు పైన ఉంటుంది. లిథియం బ్యాటరీలవారు లోహ లిథియంనే తమ సున్నగా పెట్టుకుంటారు. అది హైడ్రోజన్ కంటె 3.04 ఓల్టులు దిగువన ఉన్నది.

ఇప్పుడు ఒక పరిశోధకుడు తన ఉత్ప్రేరకం మైనస్ 0.8 ఓల్టుల వద్ద బాగా పనిచేసిందని వ్రాసి, దేనితో పోల్చి కొలిచాడో వ్రాయలేదనుకోండి. కాలొమెల్‌తో కొలిచినదానిని హైడ్రోజన్‌తో కొలిచినదిగా చదివితే తప్పు 0.241 ఓల్టులు. చాలా చర్యలలో పొటెన్షియల్‌ను 0.12 ఓల్టులు మార్చితే ప్రవాహం పది రెట్లు మారుతుంది. కనుక 0.241 ఓల్టుల పొరపాటు అంటే వేగంలో సుమారు నూరు రెట్ల పొరపాటు. పేరు వ్రాయకపోవడం వంటి చిన్న లోపం వల్ల సాధారణమైన ఉత్ప్రేరకం అద్భుతమైనదిగా కనిపించవచ్చు. నిజంగా అద్భుతమైనది చెత్తబుట్టలో పడవచ్చు.

నీరు కాక ఇతర ద్రావకాలలో పనిచేసేవారి బాధ ఇంకొంచెం ఎక్కువ. వారి నిర్దేశ ఎలక్ట్రోడులు రోజురోజుకీ జరుగుతూ ఉంటాయి. ఇందుకు అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య అయిన ఐయూపాక్ 1984లో ఒక సులువైన ఉపాయం సూచించింది. ద్రావణంలో కొంచెం ఫెర్రోసీన్ కలిపి, దాని పొటెన్షియల్‌ను కూడా అదే ఘటంలో కొలిచి, మిగిలినవన్నీ దానితో పోల్చి చెప్పమన్నది. ఊరికి వచ్చిన క్రొత్తవాడు తనకు తెలిసిన ఒక పెద్దమనిషి పేరు చెప్పుకున్నట్లుగా ఉంటుంది ఈ పద్ధతి.

ఇక మనుష్యుల అలవాట్లు. 1938లో అమెరికాలో లాటిమర్ ప్రచురించిన పొటెన్షియల్‌ల గ్రంథం అక్కడి రసాయన శాస్త్రజ్ఞులకు చిరకాలం ప్రమాణ గ్రంథంగా ఉండేది. అందులో పొటెన్షియల్‌లు ఆక్సీకరణ చర్యలకు ఇవ్వబడ్డాయి. కనుక జింకుకు ప్లస్ 0.76. ఐరోపాలో అదే జింకుకు మైనస్ 0.76. 1953లో స్టాక్‌హోంలో సమావేశమైన ఐయూపాక్ క్షయకరణ పక్షానికే తీర్పు ఇచ్చింది. జింకు మైనస్‌గా నిలిచింది. తీర్పు వచ్చినంత త్వరగా పాఠ్యపుస్తకాలు మారలేదు. వ్యతిరేకమైన గుర్తులు గల రెండు పుస్తకాలు గ్రంథాలయంలో ఒకే అరలో ప్రక్కప్రక్కనే ఉండగలిగేవి.

పట్టికలలో తీరిన తగవు చిత్రాలలో మిగిలిపోయింది. 1922లో ప్రాగ్‌లో హేరోవ్‌స్కీ పాదరసపు బిందువులతో పోలరోగ్రఫీని కనుగొన్నాడు. ఆ కృషికి 1959లో నోబెల్ బహుమతి లభించింది. పాదరసం మీద జరిగేవి ఎక్కువగా క్షయకరణ చర్యలు కనుక, ఋణ పొటెన్షియల్‌లను కుడివైపునకు, క్షయకరణ ప్రవాహాన్ని పైకి గీయడం అలవాటయింది. అమెరికాలో చాలామంది నేటికీ ఆ అలవాటునే పాటిస్తారు. ఐయూపాక్ పద్ధతిలో ధన పొటెన్షియల్‌లు కుడివైపున, ఆక్సీకరణ ప్రవాహం పైన. ఒకే ప్రయోగం రెండు పత్రికలలో తలక్రిందులుగా దర్శనమిస్తుంది. అలవాటుపడిన కన్ను దానిని సరిదిద్దుకుంటుంది. కంప్యూటరుకు కన్ను లేదు. ఇటువంటి చిత్రాలను వేలకొలది చదివి నేర్చుకోమని కంప్యూటర్లకు అప్పగిస్తున్న ఈ కాలంలో ఈ సంగతి తేలికైనది కాదు.

పొటెన్షియల్ ఒక్కటే కాదు. పొటెన్షియల్‌ను ఎంత వేగంగా మార్చారన్నది తెలియాలి. ద్రావణంలో తిరిగే అణువుల నుండి వచ్చే ప్రవాహ శిఖరం ఆ వేగపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. ఎలక్ట్రోడును అంటిపెట్టుకున్న అణువులదైతే వేగాన్నే అనుసరించి పెరుగుతుంది. ద్రావణపు నిరోధం తెలియాలి. 20 ఓముల నిరోధం గుండా 10 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తే 0.2 ఓల్టులు దారిలోనే ఖర్చవుతాయి. వాటిని తీసివేసి వ్రాశారా, ఉంచి వ్రాశారా? ఎలక్ట్రోడు వైశాల్యం స్కేలుతో కొలిచినదా, లేక గరుకుదనాన్ని కూడా లెక్కలోనికి తీసుకొన్నదా? ప్రచురించిన వ్యాసాలలో ఈ ప్రశ్నలకు సమాధానాలు చాలాసార్లు దొరకవు. పరిశోధకులు దాచిపెట్టారని కాదు. ప్రయోగం చేసిన రోజున అవి అందరికీ తెలిసినవే కనుక వ్రాయనక్కరలేదనుకున్నారు.

వివరాలు లేకుండా అంకెలు బయటకు వస్తే ఏమవుతుందో 1989 మార్చి 23న లోకం చూసింది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన పాన్స్, ఇంగ్లండుకు చెందిన ఫ్లీష్‌మన్ పత్రికా విలేఖరుల సమావేశంలో ఒక ప్రకటన చేశారు. భారజలంలో పల్లాడియం ఎలక్ట్రోడును ఉంచి విద్యుత్తు పంపితే, రసాయన చర్యలతో వివరించలేనంత ఉష్ణం వెలువడిందని, అది కేంద్రక సంలీనమని ఆ ప్రకటన సారాంశం. ఫ్లీష్‌మన్ సామాన్యుడు కాడు. విద్యుద్రసాయన శాస్త్రంలో ఎంతో గౌరవం పొందినవాడు. అందుకే దేశదేశాల ప్రయోగశాలలు పనులు మానుకొని పల్లాడియం కొరకు పరుగెత్తాయి. కాని చేయవలసినది ఏమిటి? కడ్డీ ఎంత లావు? దానిని ముందుగా ఎలా శుద్ధి చేశారు? ఎన్ని రోజులు నింపారు? సాధారణ జలంతో చేసిన పోలిక ప్రయోగం ఏదీ? సమాచారం చాలక, కొందరు పత్రికలలోని ఛాయాచిత్రాలను, టెలివిజన్ దృశ్యాలను చూసి పరికరాన్ని ఊహించుకోవలసి వచ్చింది. ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు గామా కిరణాల వర్ణపటాన్ని టెలివిజన్ వార్తలలో కనిపించిన చిత్రం నుండి గ్రహించి, అది నిజమైన గామా శిఖరం కాజాలదని వాదించారు. టెలివిజన్ తెర మీది బొమ్మ నుండి మూల సమాచారాన్ని లాగవలసి రావడం కంటె ఒక శాస్త్రానికి సిగ్గుచేటైన సంగతి మరొకటి ఉండదు. నెలల తరబడి ఎందరి శ్రమో, ఎంత ధనమో వ్యయమయింది. 2019లో మరొక బృందం ఎన్నో సంవత్సరాలు జాగ్రత్తగా పరిశోధించి, అటువంటి సంలీనానికి ఆధారం కనిపించలేదని ప్రకటించింది. అయితే పల్లాడియంలో హైడ్రోజన్‌ను ఎలా నింపాలి, ఉష్ణాన్ని ఎలా కొలవాలి అన్న విషయాలను అందరూ వాడుకొనగలిగేలా వివరంగా వ్రాసిపెట్టింది. వమ్మయిన ప్రయోగం కూడా ఆ విధంగా నమోదు చేస్తే ఆస్తి అవుతుంది.

అంత గొడవ లేకుండానే ఇటువంటిదే ఒకటి ఇటీవల అమోనియా విషయంలో జరిగింది. ఎరువులకు మూలమైన అమోనియాను హేబర్-బాష్ పద్ధతిలో గొప్ప పీడనం, ఉష్ణం ఉపయోగించి చేస్తారు. గాలిలోని నైట్రోజన్‌ను, నీటిని విద్యుత్తుతో కలిపి గది ఉష్ణోగ్రత వద్దనే అమోనియా చేయగలిగితే వ్యవసాయానికి ఎంత మేలో చెప్పనక్కరలేదు. సాధించామంటూ వ్యాసాలు వెల్లువగా వచ్చాయి. అయితే వారికి దొరికిన అమోనియా ఎంత? లేశమాత్రం. అమోనియా గాలిలో ఉంటుంది, పరిశోధకుడి శ్వాసలో ఉంటుంది, రబ్బరు చేతితొడుగుల మీద ఉంటుంది. వాడిన నైట్రోజన్ వాయువులోనే దాని ఆక్సైడులు కల్మషంగా ఉండి, తేలికగా అమోనియాగా మారవచ్చు. 2019లో డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు ఇతరులతో కలిసి ఒక కఠినమైన పరీక్షా విధానాన్ని ప్రచురించారు. నైట్రోజన్ బదులు ఆర్గాన్‌తో ఒకసారి చేయాలి; విద్యుత్తు పంపకుండా ఒకసారి చేయాలి; చివరకు 15 భారసంఖ్య గల నైట్రోజన్ ఐసోటోపుతో చేసి, వచ్చిన అమోనియాలో ఆ నైట్రోజనే ఉన్నదని చూపాలి. తాము పరీక్షించిన వాటిలో లోహ లిథియం మధ్యవర్తిగా ఉండే పద్ధతి ఒక్కటే నిలిచిందని వారు తెలిపారు. ఖాళీ ప్రయోగపు అంకెను అసలు అంకె ప్రక్కన వ్రాయడమన్నది మర్యాద కొరకు చేసే పని కాదని దీనివల్ల తేటతెల్లమయింది.

ఇతర శాఖలవారు ఈ విషయంలో చాలా ముందున్నారు. స్ఫటికశాస్త్రంలో కేంబ్రిడ్జి నిర్మాణాల భాండాగారం 1965లోనే మొదలయింది. ప్రోటీనుల భాండాగారం 1971లో వచ్చింది. 1991లో స్ఫటికశాస్త్రజ్ఞులందరూ కలిసి సి.ఐ.ఎఫ్. అనే ఒకే రకపు ఫైలును అంగీకరించారు. ఏ దేశంలో నిర్ణయించిన స్ఫటిక నిర్మాణమైనా ఆ ఫైలులో అవే పేర్లతో, అవే ప్రమాణాలతో ఉంటుంది. విద్యుద్రసాయన శాస్త్రజ్ఞులు అలా ఎందుకు చేయలేదు? సోమరితనమని కొందరు అంటారు కాని అది పూర్తి నిజం కాదు. స్ఫటికమంటే పరమాణువుల స్థానాల జాబితా. ఎవరు కొలిచినా అదే. ఎలక్ట్రోడు ఉపరితలానికి మాత్రం చరిత్ర ఉన్నది. దానిని ఎలా మెరుగుపెట్టారు, ఏ ఆమ్లంలో కడిగారు, గాలిలో ఎంతసేపు ఉంచారు అన్నవన్నీ ఆ వక్రరేఖలో దాగి ఉంటాయి. చరిత్రను పట్టికలో ఇమడ్చడం కష్టం.

ప్లాటినం కథ ఇందుకు మంచి నిదర్శనం. 1980లో ఫ్రాన్సులో క్లావిలియే అనే శాస్త్రజ్ఞుడు ప్లాటినం ఏకస్ఫటికాన్ని మంటలో కాల్చి, నీటి బొట్టుతో కప్పి గాలి తగలకుండా ఘటంలోనికి చేర్చాడు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అతనికి వచ్చిన వక్రరేఖ అంతకు ముందు ఎవ్వరికీ రాలేదు. రెక్కలు విప్పిన సీతాకోకచిలుక వలె ఉండే ఆ రేఖను చూసి కొంతకాలం సందేహాలు నడిచాయి. క్రమంగా తెలిసినదేమంటే, పూర్వం వచ్చినవే మలినపడిన ఉపరితలాల రేఖలని. నేడు ప్లాటినంతో పనిచేసేవారు మొదట ఆ సీతాకోకచిలుక వచ్చిందో లేదో చూసుకొని గాని ముందుకు పోరు. వేలిముద్ర వంటిదన్నమాట. మరి ఆ వేలిముద్రల మూల సమాచారం ఎక్కడ ఉన్నది? ఎక్కువ భాగం పాత పత్రికల పుటలలో సిరా గీతలుగా ఉన్నది. ఎకెమ్‌డీబీ అనే పథకంలో ఆ గీతలను మళ్ళీ అంకెలుగా మారుస్తున్నారు. చిత్రంలోని అక్షాల మీద తెలిసిన బిందువులు గుర్తిస్తారు. రేఖ వెంబడి కంప్యూటరుతో జాడ తీస్తారు. నిర్దేశ ఎలక్ట్రోడు, ఆమ్లం, వేగం, స్ఫటిక ముఖం మొదలైన వివరాలను ప్రక్కనే ఒక చిన్న పాఠ్య ఫైలులో చేరుస్తారు. తాళపత్రాలను కాగితం మీదికి ఎక్కించిన మన పండితుల శ్రమకు, ఈ శ్రమకు పోలిక లేకపోలేదు. వ్రాసిన గీత లావు ఎంత ఉంటే అంత తప్పు అనివార్యం. అయినా ఏమీ లేకపోవడం కంటె మేలు.

క్రొత్త సమాచారం పరిస్థితి మెరుగ్గా ఉండాలి కదా? ఉండవలసినదే. కాని ఒక్కొక్క పరికరాల తయారీదారుది ఒక్కొక్క ఫైలు. కొన్ని ఆ కంపెనీ ప్రోగ్రాముతో తప్ప తెరుచుకోవు. ఒక పరికరం డిస్చార్జి ప్రవాహాన్ని ధనంగాను, మరొకటి ఋణంగాను వ్రాస్తుంది. ఒకటి ఆవృత్తాలను సున్న నుండి, మరొకటి ఒకటి నుండి లెక్కిస్తుంది. జర్మనీలో దశాంశ బిందువు బదులు కామా పెడతారు. 0,241 అన్న అంకెను అమెరికా కంప్యూటరు రెండు అంకెలుగా చదువుతుంది. 03/04 అన్న తేదీ అమెరికాలో మార్చి 4, ఇండియాలో ఏప్రిల్ 3. పాఠకులలో వీసా పత్రాలు నింపినవారికి ఈ బాధ తెలిసే ఉంటుంది. ఇక ఫైళ్ళ పేర్లు! 'క్రొత్త ఘటం ఫైనల్ 2' అని పేరు పెట్టి డాక్టరేటు పుచ్చుకొని వెళ్ళిపోయిన విద్యార్థిని ఐదేళ్ళ తరువాత పట్టుకొని అడిగితే, ఏది ఫైనలో అతనికే గుర్తుండదు.

2016లో శాస్త్ర సమాచారానికి నాలుగు లక్షణాలు ఉండాలని ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. వెదికితే దొరకాలి, అందుకోగలగాలి, ఇతర సమాచారంతో కలవగలగాలి, తిరిగి ఉపయోగపడాలి. వినడానికి సులువుగా ఉన్నవి. వీటిలో మూడవదే విద్యుద్రసాయన శాస్త్రానికి కొరకరాని కొయ్య. ఐరోపాలో బ్యాటరీ పరిశోధకులు ఇందుకు ఒక పదకోశాన్ని నిర్మిస్తున్నారు. మామూలు నిఘంటువు మనిషికి అర్థం చెబుతుంది. ఈ కోశం 'ధన ఎలక్ట్రోడు', 'సామర్థ్యం' వంటి మాటలకు గల పరస్పర సంబంధాలను కంప్యూటరుకు తెలిసే విధంగా చెబుతుంది. అందరూ అంగీకరించిన ఒకే రూపం మాత్రం ఇంకా స్థిరపడలేదు.

పంచుకుంటే ఫలమేమిటో 2019లో స్టాన్‌ఫర్డ్, ఎం.ఐ.టి., టొయోటా పరిశోధన సంస్థల శాస్త్రజ్ఞులు చూపారు. 124 లిథియం ఘటాలను రకరకాలుగా త్వరత్వరగా నింపుతూ, ఖాళీ చేస్తూ అవి నీరసించేవరకు పరీక్షించారు. కొన్ని 150 ఆవృత్తాలకే చేతులెత్తేశాయి. కొన్ని 2,300 వరకు నిలిచాయి. మొదటి 100 ఆవృత్తాల అంకెలను మాత్రమే చూసి ఘటపు ఆయుష్షును సుమారు 9 శాతం తప్పుతో చెప్పగల గణిత పద్ధతిని వారు రూపొందించారు. అంతకన్న మెచ్చుకోదగినది, ఆ మూల సమాచారాన్నంతటినీ బహిరంగంగా ఉంచడం. ఇటువంటి పరీక్షకు నెలలు పడుతుంది, ఖరీదైన యంత్రాలు కావాలి. ఆ సౌకర్యాలు లేని ఒక చిన్న కళాశాల విద్యార్థి కూడా ఇప్పుడు ఆ అంకెలతో క్రొత్త పద్ధతులు ప్రయత్నించవచ్చు. ఎందరో ప్రయత్నించారు కూడా. తమ సమాచారం పంచితే ఇతరులు తమకంటె ముందుగా ప్రచురిస్తారేమోనన్న భయం చాలామంది పరిశోధకులకు ఉన్నది. ఆ భయం నిరాధారం కాదు. సమాచారాన్ని చక్కగా అమర్చినవారికి ఉద్యోగోన్నతిలో ఏమాత్రం గుర్తింపు లభిస్తుందన్న ప్రశ్నకు విశ్వవిద్యాలయాలు సరైన సమాధానం చెప్పనంత కాలం ఆ భయం ఉంటుంది.

ఈ పాఠాన్ని పిల్లలు ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఒక నిమ్మకాయలో జింకు పూత గల మేకును, రాగి తీగను ఒకదానికొకటి తగలకుండా గుచ్చి, మల్టీమీటరు కలిపితే సుమారు 0.9 ఓల్టులు కనిపిస్తుంది. విద్యుత్తును ఇచ్చేది నిమ్మకాయ కాదు, కరిగే జింకు; రాగి దగ్గర నిమ్మరసంలోని హైడ్రోజన్ అయానులు ఎలక్ట్రానులను స్వీకరిస్తాయి. సాధారణంగా పిల్లలు నోటుపుస్తకంలో '0.9' అని వ్రాసి ఊరుకుంటారు. దాని బదులు తేదీని సంవత్సరంతో మొదలుపెట్టి వ్రాయాలి. మీటరు ఎర్ర తీగ రాగికి, నల్ల తీగ మేకుకు కలిపినట్లు వ్రాయాలి. తిరగవేస్తే అదే అంకె మైనస్‌తో వస్తుంది, అదీ చేసి చూడవచ్చు. రెండు లోహాల మధ్య దూరం, అవి లోపలికి దిగిన లోతు, గది ఉష్ణోగ్రత, గుచ్చిన ఎన్ని నిమిషాలకు చదివారన్నది వ్రాయాలి. చిన్న దీపం కలిపినప్పుడు అంకె ఎంతకు పడిపోయిందో కూడా వ్రాయాలి. తరువాత ఆ పుటను, మరొక నిమ్మకాయను వేరొక ఊళ్ళోని పినతల్లి పిల్లలకో, మేనమామ పిల్లలకో ఇచ్చి, ఫోనులో ఒక్క మాటైనా అడగకుండా అదే అంకెను రాబట్టమనాలి.